సముద్రం దాటి చూసి వచ్చే చదువు

(మన ఇల్లు – మన పిల్లలు)



మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తర్వాత మా సంఘస్థుడైన ఒక రైతు గుడి అరుగు మీద నా కోసం కూర్చుని ఉన్నాడు. మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. కోతల కాలంలో మా చిలకలూరిపేట, పర్చూరు వైపు పల్లెల్లో ఆదివారం కూడా గుడికి సగం మందే వస్తారు. వచ్చినవారి చేతులు మంటలు, కళ్ళు ఎర్రన. ఇతని చేతిలో ఒక రంగుల కాగితం ఉంది. నాలుగు మడతలు. పైన విమానం బొమ్మ, లోపల ఎత్తైన మేడల బొమ్మలు.

"మాస్టారూ, మా పాప కాలేజీవాళ్ళు ఇచ్చారు. పదిహేను రోజులు సింగపూరు, మలేషియా తిప్పుతారంట. ఆ తర్వాత రెండు నెలలు అక్కడే ఏదో కంపెనీలో పని నేర్పుతారంట. రెండు లక్షల అరవై వేలు. పంపమంటారా?" అని అడిగాడు.

డబ్బు ఎక్కడిదని అడిగితే, తనకున్న రెండెకరాల్లో అర ఎకరం తాకట్టు పెడతానన్నాడు. మరో మూడెకరాలు కౌలుకు చేస్తున్నాడు. అతని అమ్మాయి గుంటూరులో బి.ఎస్సీ. రెండవ సంవత్సరం చదువుతోంది, రసాయన శాస్త్రం ముఖ్య విషయంగా.

నేను వెంటనే అవుననలేదు, కాదనలేదు. వారం రోజులు గడువు అడిగాను. దానికి కారణం ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను. చాలా ఏళ్ళ క్రితం ఇలాగే ఒక తండ్రి వచ్చి, "అబ్బాయిని విదేశం పంపమంటారా" అని అడిగితే, నేను కాగితమైనా చదవకుండా "మన బిడ్డ విదేశం వెళుతున్నాడంటే మనందరికీ గౌరవం, పంపు" అన్నాను. సంఘంలో నిలబెట్టి ప్రార్థన కూడా చేయించాను. ఆ అబ్బాయి నాలుగు నెలల్లో తిరిగి వచ్చాడు. అక్కడ పని లేదు, పని చూపిస్తానన్నవాడు లేడు. ఆ తండ్రి ఈనాడు ఒకప్పటి తన పొలంలోనే కూలికి కాయ కోస్తున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు భారం.

అందుచేత ఈసారి వారం రోజులు కూర్చుని నలుగురిని అడిగి, చదివి, తెలిసికొన్నవి ఆ ఇంటివారికి చెప్పాను. మీ ఇళ్ళకు కూడా ఇటువంటి కాగితాలు వస్తూ ఉంటాయి గనుక మీకూ చెప్తున్నాను.

మొదట ఒక మాట. పిల్లలు దేశం దాటి చూసి రావడం మంచిదా కాదా అన్న ప్రశ్నకు మన గుంటూరు ఎప్పుడో జవాబు చెప్పింది. మనవాళ్ళు వెళ్ళకముందే అక్కడివారు ఇక్కడికి వచ్చారు. ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చారు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చారు. అప్పటికి ఆమెకు ఇరవైయేడేళ్ళు, పెళ్ళి కాలేదు, అమెరికాలో వైద్యం చదివి ఓడ ఎక్కి వచ్చిన ఆడపిల్ల. 1898లో గుంటూరులో ఆసుపత్రి తెరిచేనాటికి ఆమెకు మన స్త్రీల జబ్బులే కాదు, మన భాష, మన ఇళ్ళలోని భయాలు కూడా తెలిసిపోయాయి. ఈ సంగతి నేను ఆ రైతు భార్యకు ప్రత్యేకంగా చెప్పాను. ఎందుకంటే ఆమె భయం డబ్బు గురించి కాదు. "పెళ్ళి కావలసిన పిల్ల, ఒంటరిగా అంత దూరం పంపితే రేపు నలుగురూ ఏమనుకుంటారు మాస్టారూ" అన్నది ఆమె మాట. కుగ్లరమ్మగారి తల్లికి కూడా ఆ భయం ఉండే ఉంటుందమ్మా అన్నాను. ఆమె నవ్వలేదు గాని, వింది.

ఇక ఇక్కడినుండి వెళ్ళినవారు. నిడుబ్రోలు రైతు బిడ్డ ఎన్.జి. రంగాగారి సంగతి పెద్దలకు తెలుసు, పిల్లలకు తెలియదు. 1900లో పుట్టారు. మన సంఘస్థుడు కారు గాని, మన లూథరన్ మిషను నడిపిన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివారు. అక్కడినుండి ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆర్థిక శాస్త్రం చదివి 1926లో బి.లిట్. పట్టా పొందారు. అంత దూరం వెళ్ళిన మనిషి తిరిగి వచ్చి దేనిమీద పుస్తకం వ్రాశారనుకుంటున్నారు? మన పల్లెల ఆర్థిక వ్యవస్థ మీద. డెల్టా పల్లెలో రైతుకు ఏమి వస్తుంది, ఏమి పోతుంది, కూలికి ఏమి మిగులుతుంది అన్న లెక్క. మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. ఆ తర్వాత నిడుబ్రోలులోనే రైతులకు రాజకీయ పాఠాలు చెప్పే విద్యాలయం పెట్టారు. 1995లో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడు రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. దాని ముఖ్య కార్యాలయం ఈనాడు మన గుంటూరు పక్కన లాం గ్రామంలోనే ఉంది. అమరావతి వెళ్ళే బస్సులో కిటికీలోనుండి చూస్తూనే ఉంటాము.

నేను ఈ కథ ఎందుకు చెప్తున్నానంటే, విదేశం వెళ్ళినందువల్ల కలిగే మేలు ఆ దేశం చూడడంలో సగమే ఉంది. మిగిలిన సగం తిరిగి వచ్చిన తర్వాత మన ఊరు మనకు కొత్తగా కనబడడంలో ఉంది. పుట్టినప్పటినుండి చూస్తున్న కల్లాన్ని మనం చూడము. పక్క ఊరి కల్లం చూసి వచ్చినవాడే "మనదెందుకిలా ఉంది" అంటాడు.

అయితే రెండు సంగతులను కలిపి చూడరాదు. అధ్యయన యాత్ర వేరు, ఇంటర్న్‌షిప్ వేరు. బస్సులో పోతూ మిరప చేను చూడడం ఒకటి. ఆ చేలోకి దిగి పొద్దుగూకేదాకా కాయ కోసి, రాత్రి చేతుల మంటకు నిద్రపట్టక దొర్లడం ఇంకొకటి. యాత్రలో కళ్ళు తెరుచుకుంటాయి. ఇంటర్న్‌షిప్‌లో చేతులకు పని వస్తుంది. రంగుల కాగితంవాళ్ళు రెండింటినీ ఒకే మూటలో కట్టి అమ్ముతారు, ధర మాత్రం రెండోదానికి వేస్తారు.

ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటో ఆ తండ్రికి అర్థమయ్యేలా చెప్పడానికి అతని కల్లంలోని మిరపకాయనే తీసుకొన్నాను. మన తేజ రకం కాయ గుంటూరు యార్డునుండి చైనాకు, మలేషియాకు, శ్రీలంకకు, ఇంకా అనేక దేశాలకు పోతుంది. మన కాయకు పేరుంది. 'గుంటూరు సన్నం' మిరపకు 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పేరుతోపాటు పరీక్షలు కూడా వచ్చాయి. 2003లో ఐరోపాలో మన దేశంనుండి వెళ్ళిన కారపు సరుకులో సూడాన్ అనే రంగు దొరికింది. అది బట్టలకు, మైనానికి వేసే రంగు, తినేది కాదు. ఆ తర్వాత పరీక్ష పత్రం చూపందే ఐరోపా రేవుల్లో కారం దిగనివ్వలేదు. 2005లో ఇంగ్లండులో అదే రంగు కలిసిన కారం వల్ల వందల రకాల తినుబండారాలను దుకాణాలనుండి వెనక్కి తీసుకున్నారు. ఎవరో ఒకడు ఎర్రదనం కోసం చేసిన మోసానికి, ఒళ్ళు వంచి పండించిన రైతు పేరు చెడింది.

రంగు సంగతి వ్యాపారిది అనుకుందాము. రెండవది పూర్తిగా మన కల్లంలోదే. కాయ సరిగా ఎండక, మంచుకు తడిసి, చెమ్మ నేలమీద కుప్పపోసి ఉంటే దానిలో బూజు పెరుగుతుంది. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. కంటికి కనబడదు, వాసన రాదు, ఉడికించినా పూర్తిగా పోదు. ఐరోపా దేశాలు పెట్టిన హద్దు, కిలో మిరపకాయకు అన్ని రకాల అఫ్లాటాక్సిన్లూ కలిపి 10 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షల వంతు. అంత సూక్ష్మమైన లెక్క దగ్గర మన టిక్కీ నిలబడాలి. మూడవది పురుగుమందుల అవశేషం. కోతకు నాలుగు రోజుల ముందు కొట్టిన మందు కాయలోనే ఉంటుంది, ఓడ ఎక్కినా దిగదు.

ఇప్పుడు చూడండి. ఆ అమ్మాయి ఇటువంటి పరీక్షలు చేసే ప్రయోగశాలలో రెండు నెలలు నిలబడిందనుకోండి. నమూనా ఎలా తీస్తారు, ఒక బస్తా మంచిగా ఉండి పక్క బస్తా ఎందుకు తప్పుతుంది, సరుకు వెనక్కి పోతే ఎవరి నష్టం ఎంత, ఇవన్నీ చేతులతో నేర్చుకుంటుంది. ఇంటికి వచ్చి "నాన్నా, వట్టి నేలమీద పోయవద్దు, పట్టా పరువు. రాత్రి కప్పు. తాలుకాయ వేరు చెయ్యి. బరువు కోసమని, తొడిమ విరగకుండా అని నీళ్ళు చల్లనివ్వకు" అంటుంది. ఇదే మాట వ్యవసాయాధికారి చెప్తే మనం తల ఊపి మరచిపోతాము. కన్న కూతురు కళ్ళారా చూసి వచ్చి చెప్తే వింటాము. లాభమంటే నాకు ఇదే లాభం. ఇంగ్లీషు బాగా వస్తుంది, ధైర్యం వస్తుంది, ఉద్యోగానికి దరఖాస్తులో ఒక వరుస పెరుగుతుంది అని కాగితంలో వ్రాసినవన్నీ నిజమే గాని, అవి దీని తర్వాతివి.

ఆ అమ్మాయి కూడా అక్కడే కూర్చుని వింటోంది. "తాతయ్యగారూ, మన కాయ యార్డు దాటిన తర్వాత ఎక్కడికి పోతుందో మా నాన్నకు తెలియదు, మా తాతకు తెలియదు. నాకు అది చూడాలని ఉంది, మేడలు కాదు" అంది. ఆ మాటతో నాకు ఆ పిల్ల మీద గురి కుదిరింది.

ప్రత్తి సంగతి కూడా ఇలాంటిదే. 1997-98లో మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పచ్చపురుగు ప్రత్తిని తిన్న ఏడు, మందు మీద మందు కొట్టి, ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్న రైతుల్ని మనం మరచిపోలేదు. నా చేతులతో నేను కొన్ని ఇళ్ళ పిల్లలకు పుస్తకాలు కొనిచ్చాను. ఏ మందు ఎప్పుడు ఆపాలో, ఏ పురుగు ఏ పురుగును తింటుందో చెప్పగల చదువు అప్పుడు ఇంటికొకరికి ఉంటే ఎలా ఉండేదో. అయితే ఒక హెచ్చరిక. విదేశాల్లో వందల ఎకరాల ప్రత్తిని యంత్రంతో తీయడం చూసి వచ్చిన కుర్రాడు, రెండెకరాల తండ్రి దగ్గర అదే పాట పాడితే ప్రయోజనం లేదు. చూసినదాన్ని మన ఎకరానికి తగినట్లు కుదించుకొనే తెలివి కూడా వెంట తెచ్చుకోవాలి. దాన్ని అక్కడ ఎవరూ నేర్పరు.

ఇక డబ్బు. నేను విచారించినప్పుడు నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఏమిటంటే, పేరున్న విదేశీ ఇంటర్న్‌షిప్‌లు చాలావాటిలో వాళ్ళే విద్యార్థికి ఖర్చులకు ఇస్తారు. జర్మనీ దేశపు డాడ్ అనే సంస్థ మన దేశపు సైన్సు, ఇంజనీరింగు విద్యార్థుల్లో కొందరిని ఎంపిక చేసి భృతి ఇచ్చి రెండు మూడు నెలలు అక్కడి ప్రయోగశాలల్లో పెట్టుకొంటూ వచ్చింది. కెనడాలో మైటాక్స్ సంస్థ పన్నెండు వారాల పరిశోధన పనికి మన విద్యార్థులను తీసుకొంది. జపాను 2014లో సకురా పేరుతో మొదలుపెట్టిన పథకంలో మన దేశంనుండి బడిపిల్లలు కూడా వెళ్ళి వచ్చారు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల విద్యార్థులను ప్రపంచ బ్యాంకు సహాయంతో 2017లో మొదలైన జాతీయ వ్యవసాయ ఉన్నత విద్యా పథకం క్రింద విదేశాల్లో శిక్షణకు పంపారు. 2023 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో చదివే పది మంది పిల్లలు న్యూయార్కు వెళ్ళి ఐక్యరాజ్య సమితి కార్యక్రమాల్లో పాల్గొన్నారు. వారిలో కూలి చేసుకొనేవారి పిల్లలు, డ్రైవర్ల పిల్లలు ఉన్నారు. ఖర్చు ప్రభుత్వానిది. ఇవన్నీ అందరికీ అందేవి కావు. పోటీ గట్టిది, కొన్నింటికి పెద్ద పేరున్న కళాశాలలవారినే తీసుకొంటారు. అయినా తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. ఇవి బిడ్డ మార్కులు, పని చూసి ఎంపిక చేస్తాయి. మన పొలం ఎంత ఉందో అడగవు.

డబ్బు కట్టి వెళ్ళేవన్నీ మోసమని నేను అనను. అమెరికాకు జె-1 అనే వీసా మీద ఇంటర్న్‌గా వెళ్ళడానికి విధానం ఉంది. కళాశాలలో చదువుతున్నవారు గాని, చదువు ముగించి ఏడాది దాటనివారు గాని, అత్యధికంగా పన్నెండు నెలలు. దానికి అక్కడి ప్రభుత్వం గుర్తించిన పూచీ సంస్థ ఉండాలి, డి.ఎస్.-2019 అనే పత్రం ఉండాలి, ఏ పని ఎవరి క్రింద నేర్చుకుంటారో వ్రాసి సంతకాలు చేసిన శిక్షణ ప్రణాళిక ఉండాలి. ఏ దేశమైనా పద్ధతి ఇంచుమించు ఇదే: పని నేర్చుకోవడానికి వెళ్ళేవారికి దానికి తగిన వీసా ఉంటుంది. విహారయాత్ర వీసా మీద తీసుకువెళ్ళి పని చేయిస్తామంటే, పట్టుబడినప్పుడు శిక్ష పడేది మన బిడ్డకు, తీసుకువెళ్ళినవాడికి కాదు.

మన తెలుగు పిల్లలు ఎన్నిసార్లు ఇలా దెబ్బతిన్నారో గుర్తు చేసుకోండి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ అనే విశ్వవిద్యాలయం బోగస్‌దని మూసివేసినప్పుడు వీధినపడిన వందలమందిలో అధికభాగం మనవాళ్ళే. కొందరి కాళ్ళకు కదలికలు కనిపెట్టే పరికరాలు తగిలించారు. 2019లో మిషిగాన్ రాష్ట్రంలో ఫార్మింగ్‌టన్ పేరుతో అమెరికా అధికారులే వల పన్ని పెట్టిన విశ్వవిద్యాలయంలో చేరి అరెస్టయినవారిలో కూడా తెలుగు పిల్లలు ఎందరో. 2024లో కంబోడియాలో కంప్యూటరు ఉద్యోగమని నమ్మి వెళ్ళి, అక్కడ బంధించబడి, ఫోన్లలో మనవాళ్ళనే మోసగించే పని చేయవలసి వచ్చిన విశాఖ యువకుల కథ పత్రికల్లో చదివాము. ఈ పిల్లల్లో చాలామంది చెడ్డవారు కారు. కాగితం చదవని ఇళ్ళనుండి వెళ్ళినవారు. నేను చదవనట్లే.

గోపురం కట్టగోరినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకొంటాడని మనకు తెలిసిందే గదా. మేమూ కూర్చున్నాము. నేను, ఆ తండ్రి, ఆ అమ్మాయి ముగ్గురం కలిసి కాలేజీకి వెళ్ళాము. నేను అడిగినవి ఎక్కువేమీ కాదు. పని నేర్పే కంపెనీ పేరేమిటి? అక్కడివారితో ఒకసారి ఫోనులో మాట్లాడవచ్చునా? ఏ వీసా? రాత్రి పిల్లలు ఎక్కడ ఉంటారు, వెంట ఎవరు ఉంటారు? జబ్బు చేస్తే బీమా ఉందా? వీసా రాకపోతే కట్టిన డబ్బులో ఎంత తిరిగి ఇస్తారు? కిందటేడు వెళ్ళి వచ్చిన ఇద్దరు విద్యార్థుల తల్లిదండ్రుల్ని చూపిస్తారా?

అక్కడున్న కుర్రాడు మర్యాదస్తుడే. టీ ఇప్పించాడు. కంపెనీ పేరు ముందు యాభైవేలు కట్టిన తర్వాత వస్తుందన్నాడు. వీసా విహారయాత్ర వీసాయేనన్నాడు. కిందటేడు ఎవరూ వెళ్ళలేదు, ఇదే మొదటిసారి అన్నాడు. టీ తాగి లేచాము. బయటకు రాగానే ఆ తండ్రి "అర ఎకరం మిగిలింది మాస్టారూ" అన్నాడు. అమ్మాయి మాత్రం బస్సులో ఏడ్చింది. దాన్ని తక్కువ చేసి చెప్పను. ఆశ పడిన బిడ్డకు నిజం తెలిసినంత మాత్రాన బాధ తగ్గదు.

ఆ తర్వాత వారం నాకు తోచింది. సముద్రం అవతల నేర్చుకోవాలనుకున్న పని గుంటూరులోనే జరుగుతోంది గదా! సుగంధద్రవ్యాల బోర్డువారి నాణ్యతా పరీక్షశాల గుంటూరులో ఉంది. ఎడ్లపాడు దగ్గర స్పైసెస్ పార్కు ఉంది. లాం ఫారంలో నూరేళ్ళుగా పరిశోధన సాగుతోంది, ఎల్.సి.ఎ. అంకెలతో పిలిచే మిరప రకాలు పుట్టింది అక్కడే. ఓడ ఎక్కే కాయకు పరీక్షలు జరిగేది ఆటోలో పోయేంత దూరంలో. మన రాష్ట్రంలో 2020-21 నుండి డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్‌ను భాగం చేశారు గాని, చాలామంది పిల్లలు ఏదో ఒక దుకాణంనుండి ధ్రువపత్రం తెచ్చి ఊరుకుంటున్నారు. ఇది మన తప్పే. ఊళ్ళో ఉన్నది వదలిపెట్టి ఊరుగానిదానికి తాకట్టు పెట్టబోయాము.

అమ్మాయిని కూర్చోబెట్టి మూడు ఉత్తరాలు వ్రాయించాను. ఆమె కెమిస్ట్రీ లెక్చరర్‌గారు, మంచి మనిషి, వాటిపై సంతకం చేసి ఇచ్చారు. రెండుచోట్లనుండి జవాబు లేదు. మూడవచోట, ఎగుమతి చేసే ఒక కారం మిల్లులోని చిన్న ప్రయోగశాలలో, వేసవి సెలవుల్లో ఆరు వారాలు రమ్మన్నారు. జీతం లేదు, మధ్యాహ్నం భోజనం పెడతారు. మొదటి వారమంతా నమూనాల సీసాలు కడిగించారట. రెండవ వారంలో తండ్రి కల్లంనుండి తెచ్చిన కాయను రహస్యంగా పరీక్షకు పెట్టించింది. ఎంత వచ్చిందో నాకు చెప్పింది గాని, అది వాళ్ళింటి సంగతి. ఈ ఏడు ఆ ఇంట్లో కొత్త పట్టాలు కొన్నారని మాత్రం చెప్పగలను.

పోయిన నెల పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టింది. పదిహేను వందలు. ఆ డబ్బు వాళ్ళమ్మ ఇచ్చింది, తాలుకాయలు అమ్మిన డబ్బులోనుండి. పోలీసు విచారణకు ఇంటికి వచ్చినప్పుడు వీధంతా గుమిగూడి "ఏమైందమ్మా" అని అడిగారట. "ఏం లేదు, మా పాప ఫారిన్ వెళ్ళడానికి" అని ఆమె జవాబు చెప్పిందట. ఎప్పుడు, ఏ దేశానికి అని అడిగితే, "అది పాపను అడగండి" అన్నదట.